పరుగు బటన్ పంచాయితీ

మంగళవారం, రాత్రి

మేం ఆడే అంతరిక్ష తుపాకుల వీడియో గేమ్‌లోకి కొత్తగా పరుగు బటన్ వచ్చింది. అది ఉండాలా వద్దా అని సాయంత్రం ఫోన్లో ముగ్గురం కొట్లాడుకున్నాం. బోధన్ నుంచి నా షబానా, బాల్కొండ నుంచి ఆ కవిత. కవిత మా జట్టులో చేరి రెండు నెలలు కాలేదు, అప్పుడే మాకు సలహాలు!

"గంత బరువు కవచం ఏసుకొని ఎవ్వలన్న ఉరుకుతరా? ఉరికేటప్పుడు తుపాకీ గూడ కాల్చరాదు" అన్నాను.

"గ్రహాల మీదికి ఎగిరిపోయేటోళ్లకు ఉరుకుడు రాదా అక్కా?" అంది కవిత.

షబానా పకపకా నవ్వింది. అక్కడే నా కడుపు మండింది.

"నాకైతే ఉరుకుడే మంచిగుంది" అని కూడా అంది. ఐదేళ్లు ఆటలో నా పక్కనే నడిచిన మనిషి!

బీడీలు చుడుతున్న అమ్మ తలెత్తకుండానే అంది. "ఆగమాగం చుడితే బీడీ వదులైతది బిడ్డా. బీడీలు కొనే సేటు తీసి పక్కన పడేస్తడు." అదే మాట వాళ్లకు చెప్పాను. ఇంకా నవ్వారు.

ఆట మొదలవగానే ఇద్దరూ ఉరికారు. నేను పంతానికి నడిచాను. వంతెన చేరేసరికి శత్రువులంతా చచ్చి పడి ఉన్నారు. అవతల వాళ్లిద్దరి ముచ్చట్లు మాత్రం వినిపిస్తున్నాయి.

కవచం బరువు, తుపాకీ, అన్నీ సాకులే. ఎవరికీ పరుగు లేనన్నాళ్లు షబానా నన్ను దాటిపోలేదు, అంతే.

వాళ్లు వెళ్లిపోయాక ఒక్కదాన్నే మళ్లీ ఆటలోకి పోయి, ఆ వంతెన మీద ఈ చివర నుంచి ఆ చివరకు ఉరికి చూశాను.

ఛీ, బాగానే ఉంది.