దిబ్బలో కాగిన నీళ్ళు

అమ్మా కామాక్షీ, మీరంతా కులాసా అనుకుంటాను.

ఇక్కడ తొమ్మిది రోజులుగా ముసురు. సవక కట్టెలు తడిసి అంటుకోవడం లేదు. మన ఎరువుదిబ్బ లోపల మంచి వేడి ఉంది గనుక అందులో బిందె పాతిపెట్టి, ఆ నీళ్ళు మీ అమ్మ కాళ్ళకు పోస్తున్నాను. "కడాకు నన్ను పెంటదిబ్బ పాలు చేసినావు" అని నవ్వేది. మొన్న మాత్రం "ఏమయ్యా, చన్నీళ్ళు పోస్తావేంది?" అంది. దిబ్బలో పచ్చిపేడ కలిపి మరో పూట కాగనిచ్చి, చెయ్యి పెట్టి చూడకుండానే పోసినాను. అప్పుడూ అదే మాట. బిందెలో చెయ్యి పెడితే చురుక్కుమంది. ఆమె పాదాలు బొబ్బలెక్కినా ఆమెకు తెలియలేదు. వాతానికి ఆకు కడుతున్నానని చెప్పి గుడ్డ చుట్టినాను.

నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోవాలి. డాక్టర్లతో మాట్లాడడం నాకు చేతకాదు. అల్లుడుగారితో చెప్పి వెంటనే బయలుదేరు. ఊరగాయ జాడీ కోసం వచ్చినట్టు రా.

పిల్లలకు నా దీవెనలు.

మీ నాయన
హజరత్తయ్య, కోట