చిన్నారావు వేయించిన ఉల్లి చక్రాలు

బిలాస్‌పూర్, తెలిపారా
3 ఆగస్టు 1934

మరదలు కనకానికి బావ ఆదినారాయణ దీవించి, ఎవరిచేతా రాయించకుండా తానే రాస్తున్న ఉత్తరం.

అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకుని చదువుకో. ముప్పై ఏళ్ళు ఇంజను నడిపిన చెయ్యి ఇది. మీ అక్క అచ్చియమ్మకు జ్వరం తగ్గి మూడు వారాలైంది. మంచం దిగదు, మెతుకు ముట్టదు. తినకపోతే ఇక లేవదని డాక్టరు చెప్పేశాడు. ఏటి కావాలే అని అడిగితే, "మా కనకం నూనెలో ఏపే ఉల్లి చక్రాలు. కరకరలాడాల. మెత్తగుంటే ముట్టను" అంది. ఎలా చెయ్యాలో రాయి. నాకోసం కాదు. చిన్నారావని వంటవాణ్ణి పెట్టాను, వాడికి చెప్పాలి.

ఇట్లు, ఆదినారాయణ, రిటైరైన మెయిలు డ్రైవరు

తా.క. నిన్న వాడు సొంత బుర్రతో చేశాడు. బొగ్గులయ్యాయి.

బొబ్బిలి
9 ఆగస్టు

బావగారికి కనకం నమస్కారాలు.

ఉల్లిపాయ అడ్డంగా కోసి, చక్రాలు విడదీసి, కడిగి, గుడ్డతో పొడిగా తుడవాలి. తడి ఉంటే పిండి పట్టదు. శనగపిండి చిక్కగా కలిపి, ముంచి, కాగిన నూనెలో నాలుగేసి మాత్రమే వెయ్యాలి. మంట మధ్యస్తంగా ఉండాలి. వంటవాడికి ఇది కూడా ఒకరు చెప్పాలా? ఎక్కడ దొరికాడండీ మీకు?

మీ మరదలు కనకం

తా.క. ఇంతకుముందు ఎవరింట్లో వండాడో, వాళ్ళు బతికే ఉన్నారో కనుక్కోండి.

బిలాస్‌పూర్
14 ఆగస్టు

కనకానికి, అలిసిపోయిన బావ రాసేది.

గుడ్డతో తుడవమన్నావు. ఇంజను తుడిచే నూలు పీచు ఇంట్లో ఉంటే చిన్నారావు దాంతో తుడిచాడు. షెడ్డులో ఏదైనా దాంతోనే తుడిచేవాళ్ళం. మీ అక్క ఒకటి నోట్లో పెట్టుకుని "ఇంజను వాసన" అని ఉమ్మేసింది. మర్నాడు మధ్యస్తపు మంటంటే గూడ్సు బండి కొండెక్కేటప్పుడు పెట్టే మంట అనుకుని పొయ్యిలో బొగ్గు ఎగదోశాడు. నూనె భగ్గుమంది. మీసం సగం పోయింది. ఓపిక లేదు కనకం. మీ అక్క చెయ్యి పట్టుకుంటే పుల్లలా ఉంది.

ఆదినారాయణ

తా.క. వాణ్ణి ఏమీ అనకు. మంచివాడు. నిద్ర లేకుండా కష్టపడుతున్నాడు.

బొబ్బిలి
20 ఆగస్టు

బావగారికి, ఒళ్ళు మండి కనకం రాసేది.

వాణ్ణి గెంటెయ్యండి. మీకు చేతకాదని తెలుసు, అందుకే మా ఊళ్ళో పెళ్ళిళ్ళకు వండే అమ్మన్నను రేపటి బండికి పంపుతున్నాను. వద్దని మీరు రాసేలోపే మీ గుమ్మంలో ఉంటాడు.

కనకం

తా.క. ముందు చిన్నారావు చెవి మెలిపెట్టి, ఆ తర్వాతే పొయ్యి ముట్టుకోమన్నాను.

బిలాస్‌పూర్
23 ఆగస్టు

కనకానికి, ఒక చెవి వాచిన బావ రాసేది.

అమ్మన్న పెరటి దారిన వచ్చాడు. నేను పొగలో, మాడిన చక్రాలు పక్కన పెట్టుకుని పొయ్యి ముందు కూర్చుని ఉన్నాను. "ఒరే సిన్నారావూ! కనకమ్మగోరు సెప్పినారు, ఇలా రారా" అంటూ చెవి దొరకబుచ్చుకున్నాడు. మెయిలు డ్రైవర్నిరా అని అరిచాను. "నువ్వు లాటుదొరవైతే నాకేటి? ఇయ్యి తిండేనా?" అని ఇంకో మెలిక పెట్టాడు.

వెనక నవ్వు వినపడింది. మీ అక్క. గోడ పట్టుకుని నిలబడి ఉంది. మంచం దిగింది కనకం! "సెవి ఒగ్గీ బాబూ, ఆయన మా ఇంటాయన. సిన్నారావెవుడు?" అంది. చెప్పక తప్పలేదు. నీకూ చెబుతున్నాను. వంటవాడు లేడు. మెయిలు నడిపినవాడు మరదల్ని వంట అడిగాడంటే బొబ్బిలంతా నవ్వుతుందని అబద్ధమాడాను.

మీ అక్క పొయ్యి దగ్గరే చతికిలబడి, అమ్మన్నను అవతలికి పొమ్మని, నాచేతే వేయించింది. ఐదు తింది. కరకర నాకు వినపడింది. నాకు ఒకటి కూడా మిగల్చలేదు.

ఆదినారాయణ

తా.క. పిండిలో గుప్పెడు బియ్యప్పిండి కలపాలని నువ్వు రాయలేదు. అసలు ఈ వంట నీకు నేర్పిందే మీ అక్కట. బలం చిక్కగానే బొబ్బిలి వచ్చి మళ్ళీ మొదట్నుంచి నేర్పుతుందట. తీసుకొస్తున్నాను. నేను మాత్రం మీ అక్కచెల్లెళ్ళ మధ్యకు రాకుండా వీధి అరుగు మీదే కూర్చుంటాను.