కార్బరేటర్‌కు పెట్టిన గంధం

ధనంజయా,

ఇంజను ఆపకుండా కారు నిలబెడితే వణుకుతా ఉండాదని ఇంక స్క్రూలు తిప్పొద్దు. ఆయుధపూజ నాడు మెకానిక్ కాశిం సాహెబు కార్బరేటర్ విప్పి పెట్టింటే, మీ అమ్మ దానికీ గంధం పెట్టింది. గాలి పోయే సన్న బొక్కలో అది ఎండి అడ్డం పడింది. పెట్రోలుతో కడిగి, సైకిలు పంపుతో గాలి కొట్టు. పిన్నీసుతో పొడవొద్దు, బొక్క పెద్దదవుతుంది. నాకు బస్సుకు టైమయింది.

రిపేరు చెడగొట్టినాడని వీధిలో సాహెబు మీద అరిచినావే, కారు సరయినాక దాంట్లోనే ఆయనింటికి పో. మీ అమ్మ దగ్గర గంధం మాట ఎత్తొద్దు.

నాయన

తా.క. నిన్న సాహెబును అడిగినాను. "బిగించేటప్పుడే సూసినానప్పా. వదినమ్మ పూజ చేసి పెట్టింది, నేనెట్ల తుడిచేది?" అన్నాడు. నువ్వు అరుస్తా ఉన్నా ఆ మాట బయటపెట్టలేదు, మీ అమ్మ పక్కనే నిలబడి ఉందని.