సింకు పక్కన నిమ్మచెక్క

ఎల్డన్,

మా అక్క వెల్మాని ఎక్కించుకుని నేను ముందే సొనోమా తీరానికి బయల్దేరుతున్నాను. ద్రాక్షతోటకి నీళ్లు పెట్టడం అయ్యాక నువ్వు రేపు పొద్దున్నే వచ్చెయ్. కుక్కకి తిండి పెట్టి, తాళం పక్కింటి లియోనాకి ఇవ్వు. మందపాటి కోటు మర్చిపోకు, అక్కడ మన లోడై లోయలోలా ఎండ ఉండదు, మధ్యాహ్నం దాకా పొగమంచే. వైన్ తయారుచేసే అక్కడి వైనరీవాళ్లు రుచి చూడటానికి పదకొండింటికి రమ్మన్నారు. నీ వేళ్లకి పట్టిన ద్రాక్ష మరక ఇంకా పోలేదు. సింకు పక్కన నిమ్మచెక్క పెట్టాను, గట్టిగా రుద్దుకో.

ఒక మాట నీ ముఖం చూసి చెప్పలేకపోయాను. మొన్న ఫోన్‌లో ఆ వైనరీ ఆవిడ, "ఎండ లోయల్లో పండే ద్రాక్ష జామ్‌కి తప్ప ఎందుకూ పనికిరాదండీ" అని నవ్వింది. నేనూ నవ్వాను. "మీవారేం చేస్తారు?" అంటే, బడిలో లెక్కలు చెబుతాడన్నాను. నీకు ఎక్కాలు కూడా సరిగ్గా రావని తెలిసీ అన్నాను. మీ తాత నాటిన తీగల మీద ఇరవై ఏడేళ్లుగా బతుకుతూ ఆ మాట ఎలా వచ్చిందో! ఇంత జరిగాక కూడా, అక్కడ నువ్వు లెక్కల మాస్టారిలా నటిస్తావులే అనుకునే ఈ చీటీ మొదలుపెట్టాను.

ఇర్మా

నిమ్మచెక్క చెత్తబుట్టలో పడేశాను, వెతకకు. ఆ చేతులతోనే రా. ఆవిడ నీతో చెయ్యి కలిపేటప్పుడు నేను నీ పక్కనే నించుంటాను.