మూగబోయిన మిలిటరీ బండి

ఏమయ్యా, ఎట్లున్నవ్? నువ్వు పోయి ఏడు నెలలు నిండినయి. నేను బాగనే ఉన్న. నీ బండి కూడా బాగుంది... అది చెప్పడానికే ఈ ఉత్తరం.

నీ దినాలు అయిన తెల్లారే మీ అన్న బండి చుట్టూ తిరిగి చూసిండు. మిలిటరీ వాళ్ళు వదిలేసిన పాత ఇనుము, మగదిక్కు లేని ఇంట్ల ఎందుకు, కరీంనగర్ తుక్కు దుకాణానికి ఇచ్చేద్దామన్నడు. నేను ఇయ్యనన్న. పంచాయితీ పెట్టిండు. మంచిర్యాలకు బండ్లు చూసే ఇన్‌స్పెక్టర్ ఎప్పుడొస్తే ఆ రోజు బండి పాసైతే నాది, కాకుంటే తుక్కుకు... పెద్దమనుషులు అట్ల తేల్చిండ్రు. పద్నాలుగేండ్లు నువ్వు చెన్నూరు తొవ్వల జనాన్ని తిప్పిన బండిని తుక్కు అంటే నాకు కడుపు మండదా?

ఆయన వస్తున్నడని తెలిసి, మొన్న చెన్నూరు నుంచి ఖాసిం భాయ్‌ని పిలిపించిన. నీతో పాటు లారీలు నడిపినోడు, రమ్మంటే వచ్చిండు. బ్యాటరీ చార్జింగ్ పెట్టించినం. ముందట హ్యాండిల్ పెట్టి రెండు తిప్పులు తిప్పేసరికి ఇంజన్ లేచింది. బ్రేకులు పట్టినయి, లైట్లు వెలిగినయి. హారన్ నొక్కితే మాత్రం... కుయ్యి కయ్యి మనలే. హారన్ లేని బండిని పాస్ చెయ్యరు. ఇన్‌స్పెక్టర్ వచ్చేది మర్నాడే. బండ్లు బాగుచేసే మిస్త్రీ చూసి, హారన్ చచ్చిపోయింది, కొత్తది హైదరాబాద్ నుంచి రావాలని చేతులు దులుపుకున్నడు. అప్పుడు మీ అన్న ముఖం చూడాలె నువ్వు! అరుగు మీద కూసొని మీసం దువ్వుకుంటుండు.

వాళ్ళు చచ్చిందంటే నేను నమ్మాల్నా?

నీ రేకు పెట్టె తెరిచిన. ఒక బల్బు, దానికి రెండు తీగలు. నువ్వు బండి కింద పండుకొని "వెలిగిందా, రాజవ్వా?" అని అడుగుతుంటే పైన పట్టుకొని చూసింది నేనే కదా. ఎన్నిసార్లు పట్టుకున్న!

బ్యాటరీ నుంచి నేరుగ హారన్‌కు తీగలు తగిలించిన. ఎట్ల అరిచిందో! మీ అన్న అరుగు మీద ఉలిక్కిపడ్డడు. అంటే హారన్ బతికే ఉంది. దాని దాకా కరెంటు వస్తలేదా అని బల్బు పెట్టి చూసిన. వెలిగింది. అప్పుడు నీ మాట గుర్తొచ్చింది. "కరెంటు పోయే తొవ్వ ఒక్కటే సూస్తే సాలదే. తిరిగొచ్చే తొవ్వ గూడ సూడాలె." తిరిగొచ్చే తొవ్వ అంటే స్టీరింగ్ గొట్టంలకెల్లి బటన్ దాకా పోయిన తీగ. బటన్ నొక్కితే ఆ తీగ బండి ఇనుముకు తగలాలె, అప్పుడే మోగుతది. గొట్టం అడుగున ఆ తీగను ఇనుముకు తాకించిన. మోగింది. ఇక మిగిలింది బటనే.

ఇంత చెప్పినోడివి, జ్వరమని పండుకొని పోయే తొవ్వే పట్టినవ్... తిరిగొచ్చేది ఎందుకు చూసుకోలే?

బటన్ మరలు విప్పిన. లోపల ఎర్రగ, గట్టిగ పెచ్చు కట్టి ఉంది. ఇదేం తుప్పు అనుకున్న. ముక్కుకు దగ్గర పెట్టుకుంటే పసుపు వాసన.

కుంకుమ! నాదే. దసరాకు బండిపూజ చేసినప్పుడల్లా నూనెల తడిపి ఆ బటన్‌కే పెడుతుంటి, నీ చెయ్యి ఎప్పుడూ ఉండేది అక్కడే అని. పద్నాలుగు దసరాల కుంకుమ సందుల్లకు దిగి గడ్డ కట్టింది. నీ బండి గొంతు మూసింది నేనేనయ్యా.

కానీ నడిమిట్ల, పప్పుబద్దంత చోట, ఎవరో సన్నగ గీకి ఉన్నరు. ఎవరో ఏంది, నువ్వే. బండి మీద దుమ్ము పడితే ఊరుకోనోడివి, మోగేటంత వరకే గీకి, చుట్టూ నా కుంకుమను అట్లనే వదిలిపెట్టినవా? బటన్ నొక్కినప్పుడల్లా జర తిప్పుతుంటివి, అందుకేనా? నాకు ఒక్క మాట ఎందుకు చెప్పలే?... ఏడు నెలలు బండి ఊరికే నిలబడేసరికి ఆ కొంచెం చోటు కూడా చిలుమెక్కింది.

ఏడ్చిన. నీ దగ్గర దాచుడెందుకు. తర్వాత గరుకు కాగితం పట్టి మొత్తం గీకిన. పదో దినం నా నొసటి బొట్టు వాళ్ళు తుడిచిండ్రు. ఇది మాత్రం నా చేతులతో నేనే తీసిన. రాలిన పొడి వేలికి అంటింది. దులుపుకోబుద్ధి కాలే. అట్లనే నొసట పెట్టుకున్న. అందుల మసి ఉంది, ఇత్తడి ఉంది, నీ చేతి నూనె ఉంది. మీ వదిన చూసి ముక్కున వేలేసుకుంది. వేసుకోనీ.

తెల్లారి మంచిర్యాల దాకా ఖాసిం భాయ్ నడిపిండు, పక్క సీట్ల నేను కూసున్న. ఇన్‌స్పెక్టర్ ఎక్కి బటన్ నొక్కిండు. గోడ మీది కోతులు దూకి ఉరికినయి. చాలు చాలు అన్నట్టు చెయ్యి ఊపి సంతకం పెట్టిండు.

ఆ కాగితం మీ అన్న ముందట పెట్టిన. ఆయన కాగితం కంటే ముందు నా నొసలు చూసిండు. నేను తల దించలే.

సోమవారం జనాన్ని ఎక్కించుకొని బండి వేములవాడ పోతుంది. వచ్చే దసరాకు కూడా దానికి బొట్టు నేనే పెడత, ఎవరు అడ్డమొచ్చినా సరే. బంపర్‌కు పెడత, బానెట్‌కు పెడత. బటన్ మీద మాత్రం వేలు పెట్ట... మోగించడానికి తప్ప.

నీ రాజవ్వ