అద్దాల బీరువాలో అబ్రహాం

డోర్నకల్,
ఆగస్టు 29, 2011

భూపాలపల్లి కార్మిక పఠన మందిరం చూసుకునే సంగీత గారికి, డోర్నకల్ అబ్రహాం వందనాలు.

అమ్మా, నేను హార్మోనియం వాయించేవాణ్ణి. వారమంతా రైల్వేలో ఇంజన్ల దగ్గర పని, ఆదివారం చర్చిలో పెట్టె ముందు. ఇంజన్ల కూతలకు చెవులు పోయాయి కాబట్టి ఫోన్ చేయకండి, ఉత్తరమే రాయండి. నా జీవితం గురించి ‘తిత్తిలో గాలి’ అని ఒక పుస్తకం రాసి, సొంత డబ్బుతో అచ్చు వేయించి, మీకు ఒకటి పంపాను. మొన్న మా ఊరి మహేశ్ మీ దగ్గరకు వచ్చి అడిగితే అద్దాల బీరువాలో చూపించి, “చూడు గని ముట్టకు” అన్నారట. దానికి తాళం కూడా ఉందట.

ఇంకో ప్రతి ఉంటే మిమ్మల్ని ఇబ్బంది పెట్టేవాణ్ణి కాదు. ఇంట్లో ఉన్న కట్ట ఈ వానలకు తడిసి ముద్దయింది. జనగామలో ఒకాయన చదివిస్తానని తీసుకెళ్లి ఇప్పటికీ చదువుతూనే ఉన్నాడు. మహబూబాబాద్‌లో అచ్చువేసిన మధుకర్ కంప్యూటర్ చెడిపోయి అందులో ఉన్నదంతా పోయింది. నా భార్య యాదమ్మ నాట్లప్పుడు పాడిన పాటలు, నేను రాసిపెట్టిన స్వరాలతో సహా, ఆ పుస్తకంలోనే ఉన్నాయి. ఆమె ఇప్పుడు లేదు. నాకు వినపడదు. ఎవరో ఒకరు చదివితేనే ఆ పాటలు ఉన్నట్టు, లేకపోతే లేనట్టే. దయచేసి తాళం తీయండి.

ఇట్లు,
అబ్రహాం

తా.క. చేతులు కడుక్కొని వస్తానని మహేశ్ మీకు చెప్పాడట. ఆ మాట నమ్మకండి. గనిలో పనిచేసేవాడు, ఆ మసి ఎంత కడిగినా పోదు. అయినా ఇవ్వండి.


భూపాలపల్లి,
సెప్టెంబర్ 5

కీర్తిశేషులు అబ్రహాం గారి కుటుంబ సభ్యులకు నమస్కారాలు.

పెద్దాయన చివరి ఉత్తరం అందింది. పోస్టు డబ్బాలో వేసి కన్నుమూసినట్టున్నారు. చదువుతుంటే మనసు కలచివేసినట్టయింది.

పుస్తకం అట్ట మీద గుండ్రటి పటంలో వారి ఫొటో, మెడలో బంతిపూల దండ, రెండు వైపులా వెలుగుతున్న దీపాలు చూసి మా కమిటీ అధ్యక్షుడు జగపతి గారు విషయం గ్రహించారు. కీర్తిశేషుల పుస్తకం ఒక్కటే ప్రతి ఉంటే దాన్ని బీరువాలో పెట్టి తాళం వేయాలన్నది మా నియమం. బతికున్న రచయితల పుస్తకాలైతే మామూలు అరల్లోనే ఉంటాయి, ఎవరైనా తీసుకెళ్లొచ్చు. మా ఉత్తరాలన్నీ జగపతి గారు చూశాకే బయటికి వెళ్తాయి. వారు కూడా తమ సంతాపం తెలపమన్నారు.

భవదీయురాలు,
సంగీత

తా.క. రోజూ పొద్దున బీరువా ముందు ఊదుబత్తి వెలిగిస్తున్నాం.


డోర్నకల్,
సెప్టెంబర్ 9

సంగీత గారికి, బతికున్న అబ్రహాం వందనాలు.

కుటుంబ సభ్యులకు అని మీరు రాసిన ఉత్తరాన్ని, కుటుంబంలో మిగిలింది నేనొక్కణ్ణే కాబట్టి, నేనే విప్పాను. నా సంతాపం నేనే చదువుకోవలసి వచ్చింది.

ఆ దండ జనగామలో నాకు సన్మానం చేసినప్పుడు వేసింది. మెడలో దండ పడ్డ ప్రతివాడినీ మీరు ఇట్లా సాగనంపితే ఈ జిల్లాలో సర్పంచులు మిగలరు. పటం, దీపాలు మధుకర్ పెట్టాడు. “ఉత్తగ ఫొటో ఏం బాగుంటది తాతా, జర కళ ఉండాలె గద” అని కాగితం మీద రాసి చూపించాడు. సరే అన్నాను. ఆ కళే ఇప్పుడు నా కొంప ముంచింది.

నేను ఉన్నాను. పొద్దున జొన్న గట్క తాగాను. పుస్తకాన్ని మామూలు అరలో పెట్టండి.

ఇట్లు,
అబ్రహాం

తా.క. ఊదుబత్తి ఆపించండి. ఆ పొగ నాకు పడదు, తుమ్ములొస్తాయి.


భూపాలపల్లి,
సెప్టెంబర్ 17

అబ్రహాం గారి పేరుతో ఉత్తరం రాసిన వారికి నమస్కారాలు.

సకల జనుల సమ్మె మొదలైంది కదా, గనులు ఆగాయి, బడులు మూశారు, అందరూ దీక్షా శిబిరాల్లోనే ఉన్నారు. అయినా మీ ఉత్తరం కమిటీ ముందు పెట్టాను. జగపతి గారు, “సంతకం ఎవలైన పెడ్తరు. మనిషి ఉన్నడంటే కొత్త ఫొటో రావాలె” అన్నారు.

ఇంకో సంగతి. అక్టోబర్ తొమ్మిది, ఆదివారం నాడు మా శిబిరంలో అబ్రహాం గారి సంస్మరణ సభ పెట్టారు. టెంటు వాళ్లతో మాట్లాడడం కూడా అయిపోయింది. సభ ముగియగానే బీరువాకు లక్కతో సీలు వేయాలని తీర్మానం. ఆ తర్వాత ఎవరు అడిగినా తెరవరు. ఫొటో పంపదలచుకుంటే ఆలోపే పంపండి.

భవదీయురాలు,
సంగీత

తా.క. సభ కరపత్రం జతచేశాను. పుట్టిన సంవత్సరం పుస్తకంలో చూసి వేశాం. రెండో సంవత్సరం ఇదే అనుకుని వేశాం, తప్పయితే తెలియజేయగలరు.


డోర్నకల్,
సెప్టెంబర్ 23

సంగీత గారికి అబ్రహాం వందనాలు.

రెండో సంవత్సరం తప్పే. కొట్టేయించండి.

ఫొటో కోసం పాసింజరెక్కి మహబూబాబాద్ పోయాను. సమ్మె కదా, స్టూడియో మూసి ఉంది. ఎండకు కళ్లు తిరిగి, రోడ్డు పక్కన దీక్ష టెంటు కనపడితే ఆ నీడన కూర్చున్నాను. అక్కడ నన్నెరిగినవాళ్లు ఎవరూ లేరు. అయినా మర్యాద మర్యాదే, కూర్చున్నవాళ్లందరితో పాటు నాకూ ఒక దండ వేశారు. పక్కన ఒక సారు, గులాబీల బొమ్మున్న క్యాలెండర్ కాగితం అట్ట వేసిన పుస్తకం ఒకటి పట్టుకుని అందరికీ చదివి వినిపిస్తున్నాడు. అందరూ పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. తర్వాత ఆడవాళ్లు ఏదో పాట ఎత్తుకున్నారు. నాకు నోళ్లు కదలడం తప్ప ఏమీ తెలియలేదు. నా వయసు మనిషికి అంతమంది మధ్య ఒంటరిగా ఉండడం కష్టమమ్మా. కాసేపటికి కునుకు పట్టింది.

అప్పుడే పేపరాయన ఫొటో తీశాడు. అడిగి ఒకటి తెచ్చుకున్నాను. ఇందులో పెడుతున్నాను. ఇక నమ్మకపోతే నేను చేయగలిగిందేమీ లేదు.

ఇట్లు,
అబ్రహాం

తా.క. కళ్లు మూసుకుని ఉన్నది నిద్ర వల్ల. ఈ సంగతి జగపతి గారికి గట్టిగా చెప్పండి.


భూపాలపల్లి,
సెప్టెంబర్ 30

నమస్కారాలు.

ఫొటో అందింది. మెడలో దండ, మూసిన కళ్లు, చుట్టూ కూర్చున్న జనం. జగపతి గారు చాలాసేపు చూసి, “మనకంటె ముందుగాల్నే మహబూబాబాద్ల సంతాపసభ పెట్టిన్రు. మనమే ఎనుకబడ్డం” అన్నారు. ఇక రుజువులు అక్కరలేదని కమిటీ తేల్చింది. తొమ్మిదో తారీకు ఆదివారం సభ, సభ కాగానే సీలు.

భవదీయురాలు,
సంగీత

తా.క. ఆ ఫొటోను కూడా బీరువాకు అంటించారు. ఇప్పుడు రెండు ఊదుబత్తులు.


డోర్నకల్,
అక్టోబర్ 3

సంగీత గారికి,

ఇక ఉత్తరాలతో పని కాదు. బస్సులు లేకపోతే లేకపోయె, మహేశ్ బండి మీద వస్తున్నాను. ఆదివారం సభలో అందరి ముందూ నిలబడి ఆ బీరువా తెరిపిస్తాను. పుస్తకం బయటికి తీసి, యాదమ్మ పాటల పేజీ విప్పి, నలుగురి చేతుల్లో పెట్టించి గాని కదలను. సీలు వేయాలంటే ముందు నన్ను లోపల పెట్టి వేయమనండి.

మీ మీద నాకు కోపం లేదు, బాధ ఉంది. చదువుకున్న ఆడబిడ్డవు, ఒక్క మాట నా పక్కన మాట్లాడలేకపోయావు.

అబ్రహాం

తా.క. హార్మోనియం తెస్తున్నాను. నా సంస్మరణ సభలో ఇంకొకరు వాయిస్తే శ్రుతి తప్పుతుందని నా భయం.


భూపాలపల్లి,
అక్టోబర్ 5

అబ్రహాం తాతకు, సంగీత దండాలు.

ఇది ఆఫీసు ఉత్తరం కాదు. జగపతి గారు చూడలేదు. సమ్మెలో ఇంటికొస్తున్న మహేశ్ చేతికే ఇస్తున్నాను. చదివి పొయ్యిలో పెట్టు.

తాతా, ఆదివారం కంటే ముందు వచ్చి బీరువా తెరవమనకు. అందులో నీ పుస్తకం లేదు. ఉన్నది అట్ట ఒక్కటే. ఆ అట్టలో పోయినేటి పంచాంగం ఉంది. ఇన్నాళ్లూ జగపతి గారు ఊదుబత్తి ముట్టిస్తున్నది దానికే.

పుస్తకాన్ని బీరువాలో పెట్టమని నాకిచ్చిన రోజు ఒక్క పేజీ చూద్దామని తెరిచి, చివరిదాకా చదివేశాను. యాదమ్మ అవ్వ నాట్ల పాటల దగ్గర ఏడుపొచ్చింది. అటువంటి పుస్తకాన్ని అద్దం వెనక పెట్టడానికి నాకు చేతులు రాలేదు. అట్ట ఊడదీసి, లోపలి పుస్తకానికి ఇంట్లో ఉన్న క్యాలెండర్ కాగితం వేసి చదివేవాళ్లకు ఇచ్చాను. సమ్మె వచ్చాక అది శిబిరాల బాట పట్టింది. ఇక్కణ్ణుంచి జఫర్‌గఢ్ పోయింది, నర్మెట్ట పోయింది, అక్కణ్ణుంచి మహబూబాబాద్ పోయింది. దారిలో రెండు చోట్ల జిరాక్సు తీసి పెట్టుకున్నారు. ఇక ఏ వానకూ పోదు.

నువ్వు బతికే ఉన్నావని నీ మొదటి ఉత్తరంతోనే తెలుసు. కానీ నువ్వు ఉన్నావని ఒప్పుకుంటే పుస్తకాన్ని మామూలు అరలోకి మార్చాలి. మార్చాలంటే బీరువా తెరవాలి. తెరిస్తే పంచాంగం బయటపడుతుంది, నా ఉద్యోగం పోతుంది, ఒక్కటే ప్రతి ఇట్లా ఊళ్లు తిరిగిందన్న కోపంతో పుస్తకాన్ని వెనక్కి తెప్పించి నిజంగానే తాళం వేస్తారు. అందుకే నిన్ను పోనిచ్చాను. నన్ను క్షమించు తాతా.

నువ్వు పంపిన ఫొటోను పరీక్షగా చూశాను. నీ పక్కనున్న సారు చేతిలో మా ఇంటి గులాబీల క్యాలెండర్ ఉంది. వెంటనే ఆయనకు ఫోన్ చేశాను. ఆ రోజు చదివింది నీ పుస్తకమే. నీ పెళ్లినాడు ఎలుక తిత్తిని కొరికితే, హార్మోనియం పిల్లిలా అరిచిన కథకు అందరూ నవ్వారు. తర్వాత ఆడవాళ్లు పాడింది యాదమ్మ అవ్వ పాట. నువ్వు రాసిన స్వరాలు చూసి ఆ సారే వాళ్లకు నేర్పాడు. నువ్వు ఒంటరిగా ఉన్నానని రాశావు. వాళ్లు నీ చుట్టూ కూర్చుని ఆమె పాటే పాడారు తాతా.

పుస్తకాన్ని సభకు ముందే తెప్పించి అట్టలో పెడతాను. నువ్వు వచ్చి ధైర్యంగా తెరిపించు. పేజీలు నలిగి ఉంటాయి, చాయ్ మరకలుంటాయి, ఏమనుకోకు. అంతవరకు మాత్రం దయచేసి కీర్తిశేషుడిగానే ఉండు.

ఇట్లు, నీ మనవరాలి లాంటి
సంగీత

తా.క. పుస్తకం చదివిన సారు పేరు ప్రేమ్‌సింగ్. ఆయనకు ఒక బాధ ఉంది. “గంత మంచి పుస్తకం సదువుతాంటె, నా పక్కపొంటి ఒక ముసలాయిన ఒక్కపారన్న నవ్వలే. పాటకు గూడ కదలలే, పండుకున్నడు. గసుంటోళ్లు గూడ ఉంటరా అమ్మా?” అన్నాడు. ఆ ముసలాయన ఎవరో నేనింకా చెప్పలేదు. ఆదివారం ఆయన కూడా వస్తున్నాడు.