అక్క చదవమన్న కరపత్రం

సార్నియా,
శుక్రవారం

బాలకుమారి పిన్నికి,

"కరపత్రాల డాక్టరూ, స్టెరాయిడ్ ఉన్నట్టుండి ఆపకూడదురా" అని మీరు ఫోనులో చెబితే, "మీ నర్సులంతా మందుల కంపెనీల మనుషులే" అని అరిచి పెట్టేశాను. మళ్లీ ఫోను చేసే మొహం లేక రాస్తున్నాను.

అక్క జబ్బు గురించి ఆసుపత్రిలో ఇచ్చిన కరపత్రాలన్నీ చదివాను. ఒంటిని కాపాడాల్సిన కాంప్లిమెంట్ ప్రోటీనే తెల్లరక్తకణాల మీది రిసెప్టర్‌ను తాకి, వాటిని కిడ్నీలోని సన్నని రక్తనాళాల మీదికి ఉసిగొల్పుతుందట. ఆ రిసెప్టర్‌ను మూసేసే కొత్త మందు వాడితే స్టెరాయిడ్ తగ్గించవచ్చని ఉంది. దానికి ఇన్సూరెన్సు అనుమతి రావాలి. ఈలోగా స్టెరాయిడ్ వల్ల ఉబ్బిన మొహంతో చర్చికి రానని అక్క ఏడ్చింది. "ఎలాగూ మానేదేగా, ఇప్పుడే మానెయ్" అన్నాను. అక్క మానేసింది. డాక్టరుకు చెప్పనివ్వలేదు.

అనుమతి నిన్న వచ్చింది. ఆ కాగితం చించిపారేశాను. కిడ్నీలు రెండూ అప్పటికే పోయాయి. ఇక కోలుకోవన్నారు.

అక్క నన్నొక్క మాటా అనలేదు. పొద్దున డయాలసిస్ కరపత్రం నా చేతిలో పెట్టి, "చదివి చెప్పరా, నీకైతే అర్థమవుతుంది" అంది.

మీ హాలిఫాక్స్ నుంచి ఇక్కడికి దూరమే. అయినా రండి పిన్నీ. అది నేను చదవలేను.

మీ అక్క కొడుకు